పొరుగింటి విశ్వాసంతో మాట కలపడం ఎలా?

పర్లాకిమిడిలోనో, గుణుపూర్‌లోనో, బరంపురంలోనో ఉంటున్న తెలుగు క్రైస్తవులు మీరైతే, మీది కాస్త ప్రత్యేకమైన స్థితి. భాష చూస్తే ఒడిశాలో మీరు తక్కువమంది, మతం చూస్తే తెలుగువాళ్లలో తక్కువమంది. ఉగాది నాడు వీధిలోని తెలుగు కుటుంబాలన్నీ మీవే. ఆదివారం ఉదయం చర్చిలో మీ పక్కన కూర్చునేది ఒడియావారో సవరలో కావచ్చు. ఇలా రెండు వైపులా మనుషులున్నవారే మతాల మధ్య మాట కలపగలరని నా నమ్మకం. ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ చెడుతుందో ఈ వ్యాసంలో వరసగా చెబుతాను. హిందువులు, ముస్లింలు చదివినా మంచిదే, ఎదురింట్లో ఏమి ఆలోచిస్తున్నారో తెలుస్తుంది.

ముందు మీ ఉద్దేశం తేల్చుకోండి

ఎవరి గడపా తొక్కకముందే మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: ‘ఈ మనిషితో నేను మాట్లాడాలనుకుంటున్నది ఆయన్ను మా సంఘంలో చేర్చుకోవడానికేనా?’ అవునని లోపల అనిపిస్తే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టకండి. మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి రాజ్యాంగంలోని 25వ అధికరణం మనకు హక్కు ఇచ్చింది. సువార్త చెప్పాలనుకుంటే సువార్త అని చెప్పే పిలవండి. ‘ఊరికే మాట్లాడుకుందాం రండి’ అని పిలిచి సువార్త సభ నడిపితే అది మోసం. ఒక్కసారి అలా జరిగితే ఆ వీధిలో మళ్లీ ఎవరూ మీ పిలుపును నమ్మరు.

అలాగని విశ్వాసాన్ని దాచుకోనూ వద్దు. ‘అన్ని మతాలూ ఒకటేనండీ’ అని నవ్వి ఊరుకునేవారితో సంభాషణ రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఎదుటివారికి మీ మీద గౌరవమూ కలగదు. క్రీస్తు గురించి మీరు నమ్మేది గట్టిగానే నమ్మండి, అడిగినప్పుడు తడబడకుండా చెప్పండి. మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగే ప్రతివారికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని, అదీ సాత్వికంతో చెప్పమని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం మనకు నేర్పింది. అడగని వారి మీద పడి చెప్పమని అక్కడ లేదు.

‘మా పాస్టరు గారు ఇలాంటివి ఒప్పుకోరు’ అని కొందరు వెనకాడతారు. ఆయనతో గొడవ పెట్టుకోకుండా సంఘాల పెద్దలు ఇప్పటికే చెప్పిన మాటలు ఆయన ముందుంచండి. కేథలిక్కుల రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ఇతర మతాల గురించి ఒక ప్రకటన చేసింది. ఆ మతాల్లోని సత్యాన్ని, పవిత్రతను చర్చి తోసిపుచ్చదని అందులో స్పష్టంగా ఉంది. ప్రపంచ చర్చిల మండలి 1979లో సంవాదానికి మార్గదర్శకాలు ఆమోదించింది. అన్నిటికంటే మనకు ఎక్కువ పనికొచ్చేది 2011లో వచ్చిన పత్రం. ప్రపంచ చర్చిల మండలి, వాటికన్, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి మూడూ కలిసి దాన్ని వెలువరించాయి. సాక్ష్యం చెప్పడం క్రైస్తవుడి బాధ్యత అంటూనే, ఆశ చూపి మతంలోకి లాగవద్దనీ, పేదరికాన్ని, జబ్బును అవకాశంగా వాడుకోవద్దనీ, ఇతర మతాల గురించి అబద్ధపు మాటలు చెప్పవద్దనీ, మతం మారాలనుకునేవారికి ఆలోచించుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలనీ అందులో ఉంది. స్వస్థత కూటాలు నడిపే సంఘాలన్నీ దాన్ని ఒకసారి కూర్చుని చదువుకోవాలి.

తెలుగు నేల మీదే మరో ఉదాహరణ ఉంది. ముస్లింల మధ్య సువార్త పనికి తోడ్పడాలని 1930లో లాహోర్‌లో మొదలైన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ తర్వాత హైదరాబాద్‌కు వచ్చింది. కాలక్రమంలో అది మతాల మధ్య సంబంధాలు పెంచే, గొడవలు జరిగిన చోట రాజీ కుదిర్చే సంస్థగా మారింది. తన ఉద్దేశాన్ని మళ్లీ పరీక్షించుకున్న ఆ సంస్థ విశ్వాసాన్ని వదులుకోలేదు.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో చేసే మతమార్పిడిని నేరంగా ప్రకటిస్తూ ఒడిశా 1967లోనే చట్టం చేసింది. సుప్రీంకోర్టు 1977లో దాన్ని సమర్థించింది. సాయానికి, ప్రార్థనకు మధ్య గీత మీ మనసులో చెరిగిపోకూడదు. రథయాత్రకు వచ్చేవారికి మజ్జిగ పోస్తే మజ్జిగే పోయండి, గ్లాసుతో పాటు కరపత్రం పెట్టకండి.

చుట్టూ ఎవరున్నారో తెలుసుకోండి

హిందువులు, క్రైస్తవులు అని రెండు పెట్టెలు గీసుకుంటే ఈ ప్రాంతం మీకు అర్థం కాదు. గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకు పైగా క్రైస్తవులు. వారిలో ఎక్కువమంది కొండల్లోని గిరిజనులు. పర్లాకిమిడి చుట్టుపక్కల కెనడా బాప్టిస్టులు పనిచేశారు. కొరాపుట్, జయపురం వైపు 1882 నుంచి జర్మనీలోని బ్రెక్లుమ్ మిషన్‌కు చెందిన లూథరన్లు పనిచేశారు. కేథలిక్కులు వేరు, పెంతెకొస్తు సంఘాలు వేరు. వీరిలో వీరికే పెద్దగా మాటలు లేని ఊళ్లున్నాయి. మీ ఊరు అలాంటిదైతే మొదటి సంవాదం అక్కడే జరగాలి.

సవరల్లో తమ పాత ఆచారాలనే పాటించేవారు ఉన్నారు. అక్షర బ్రహ్మను కొలిచేవారూ ఉన్నారు. మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు సొరా సొంపెంగ్ లిపిని రూపొందించారు, ఆ అక్షరాలే అక్కడ ఆరాధ్యం. చంద్రగిరి దగ్గర జిరంగలో టిబెట్ శరణార్థుల బౌద్ధ విహారం ఉంది. బజారులో ముస్లిం దుకాణదారులుంటారు. మీ వీధికి పరిమితమై, ఎవరింట్లో ఏ పండుగలు జరుగుతాయో ఒక కాగితం మీద రాసుకోండి. తెలియనివి ఎన్నో బయటపడతాయి.

ఒక జాగ్రత్త. ‘మీది ఏ మతం?’ అని నలుగురిలో ఎవరినీ అడగకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. షెడ్యూల్డు తెగలవారికి మాత్రం ఈ మతపరమైన షరతు లేదు. కాబట్టి ఇళ్లలో ప్రార్థించుకుంటూ కాగితాల మీద మరొకటి రాయించుకున్న కుటుంబాలు ఉంటాయి. వారి బతుకు తెరువు మీ కుతూహలం కంటే ముఖ్యం.

ఏ భాషలో మాట్లాడుకోవాలో కూడా ముందే ఆలోచించండి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు. ఆయనంత కష్టపడలేకపోయినా, సవర పెద్దలు వచ్చిన రోజున వాళ్ల భాషలో పలకరించే నాలుగు మాటలు నేర్చుకుని కూర్చోండి. ఒడియా బాగా వచ్చిన ఒకరిని మధ్యలో ఉండమని అడగండి. భాష రానివారు మౌనంగా ఉంటే దాన్ని ఒప్పుకోలుగా రాసుకోవద్దు.

సభతో మొదలుపెట్టకండి

పాస్టరు గారిని, పూజారి గారిని, మౌల్వీ గారిని ఒక వేదిక ఎక్కించి, శాలువాలు కప్పి, ఫొటో తీసి పత్రికకు పంపే సర్వమత సమావేశాలు మనకు కొత్త కాదు. వాటివల్ల చెడు లేదు. కానీ మర్నాడు వీధిలో గొడవ వస్తే ఆ శాలువాలు ఎవరినీ ఆపలేవు. రెండు మూడు ఇళ్లతో మొదలుపెట్టండి. వీలైతే ఆడవాళ్లతో మొదలుపెట్టండి, బిందెల దగ్గర, బడి గేటు దగ్గర వాళ్ల మధ్య మాట ఇప్పటికే ఉంటుంది. రెండు వైపుల పెద్దలకు మాత్రం ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి. చాటుగా జరిగేదేదైనా ఈ రోజుల్లో అనుమానానికి దారి తీస్తుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఏదైనా అడగడానికి వెళ్లండి. యూదులు మాట కలపని సమరయ జాతి స్త్రీతో యేసు మాట కలిపింది దాహానికి నీళ్లు అడిగి. ఇచ్చే చేయి ఎప్పుడూ మనదే అయితే ఎదుటివారు మనకు సమానులుగా కూర్చోలేరు. మా అమ్మాయి పెళ్లికి పందిరి వేయడానికి మీ ఖాళీ స్థలం ఇస్తారా అని అడగడం కూడా మంచి ఆరంభమే.

ఆ తర్వాత దేవుడి సంగతి ఎత్తకముందే వీధి తగాదాలు తేల్చుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఉపవాస ప్రార్థనకైనా, భజనకైనా అదే నియమం. ముందు మన మైకు మనం తగ్గించి, తర్వాత అవతలివారిని అడగడం న్యాయం. ఆ మైకులో ‘అన్యులు’ అని ఇరుగుపొరుగును ప్రస్తావించడం కూడా మానేయండి, గోడ అవతలికి అన్నీ వినబడతాయి. మట్టల ఆదివారం ఊరేగింపు ఏ దారిన వెళుతుందో, రథం ఏ వేళకు చర్చి ముందుకు వస్తుందో ముందే ఒకరికొకరు చెప్పుకోండి. శ్మశానం సంగతి ఇంకా సున్నితం. ఎవరూ పోకముందే, అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడే హద్దులు మాట్లాడుకోండి. శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఆ చర్చ జరపడం ఎవరికీ రాకూడని కష్టం.

ప్రసాదం, బల్ల

మన ప్రాంతంలో ఎక్కువ మనసులు నొచ్చుకునేది తిండి దగ్గరే. కాబట్టి ఈ విషయాన్ని కాస్త వివరంగా చెబుతాను.

పక్కింటి అమ్మాయి స్టీలు గిన్నెలో పులిహోర పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడింది. మీ ముఖంలోకి చూస్తూ, ‘పిన్నిగారూ, ఇది దేవుడి దగ్గర పెట్టింది. మీరు తింటారో తినరో అని అమ్మ విడిగా ఇంకో గిన్నెలో కూడా పంపింది’ అంటుంది. ఆ రెండో గిన్నె వెనక ఎంత ఆలోచన ఉందో చూడండి. ఆ తల్లి మీ నియమం తెలుసుకుని, దాన్ని గౌరవించి, తన పండుగలో మీకూ చోటిచ్చింది. సంవాదం అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

రెండో గిన్నె రానప్పుడు ఏమి చేయాలి? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో పౌలు ఈ ప్రశ్నే చర్చించాడు. ఒకరింటికి భోజనానికి వెళితే వడ్డించింది ప్రశ్నలు వేయకుండా తినమన్నాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవారి కోసం, మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. ఈ వాక్యాలను అన్ని సంఘాలూ ఒకేలా చదవవు. మీ ఇంట్లోనే భార్యాభర్తలకు రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. మీరు తినేవారైతే తినండి. తిననివారైతే గుమ్మంలోనే, ముఖం చూసి, మెల్లగా చెప్పండి: ‘అమ్మా, దేవుడి దగ్గర పెట్టింది మేము తినము. మీ అమ్మ చేతి వంట మాత్రం నాకెంతో ఇష్టం, మామూలు రోజున వచ్చి తింటానని చెప్పు.’ ఆ మాట నిజం చేయండి, వారంలోపు వెళ్లి తినండి. నవ్వుతూ తీసుకుని పెరట్లో పారబోయడం మాత్రం ఎన్నడూ వద్దు. అన్నానికీ, ఆ పిల్లకీ, మీ సాక్ష్యానికీ అది అవమానం. పనిమనుషుల ద్వారానో, పిల్లల ద్వారానో ఆ సంగతి సాయంత్రానికల్లా అవతలికి చేరుతుంది.

పూరీ నుంచి వచ్చిన మహాప్రసాదం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జగన్నాథుడి మహాప్రసాదాన్ని కులభేదం లేకుండా పక్కపక్కన కూర్చుని తింటారు. దాన్ని పంచుకుని జీవితాంతం స్నేహం కట్టుకునే ఆచారం కూడా ఒడిశాలో ఉంది. మీకు తెచ్చి ఇవ్వడమంటే మిమ్మల్ని తమవారిగా భావించడం. కాదనాల్సి వస్తే ఆ విలువ మీకు తెలుసని చెప్పి కాదనండి.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. క్రిస్మస్‌కు పొరుగువారిని చర్చికి పిలుస్తాం. వారు వస్తారు, ముందు వరసలో కూర్చుంటారు. క్రీస్తు చివరి విందును గుర్తుచేసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేసరికి రొట్టె, ద్రాక్షరసం వారిని దాటి వెళ్లిపోతాయి. చాలా సంఘాల్లో బాప్తిస్మం పొందినవారికే బల్ల. ఆ నియమం మనకు తెలుసు, వారికి తెలియదు. గుడిలో ప్రతి ఒక్కరి చేతిలో ప్రసాదం పెట్టే ఆచారం నుంచి వచ్చినవారికి అది చెంపదెబ్బలా ఉంటుంది. పిలిచేటప్పుడే చెప్పండి. లేదంటే బల్ల లేని ఆరాధనకు, పాటల సాయంత్రానికి పిలవండి. పూరీ ఆలయంలోకి హిందువులు కానివారికి ప్రవేశం లేదు. అయినా సింహద్వారం దగ్గర పతితపావనుడనే జగన్నాథుడి రూపంలో బయటివారికి దర్శనం ఉంది, రథయాత్ర నాడు స్వామే వీధిలోకి వస్తాడు. గీత మన దగ్గరా ఉంది, వారి దగ్గరా ఉంది. ఆ గీత ఎందుకు ఉందో ఒకరికొకరు చెప్పుకోగలిగితే బాధ చాలావరకు తగ్గుతుంది.

క్రిస్మస్ పళ్లెంలో అరిసెలు, గులాబీ పువ్వుల్లాంటి పిండివంటలు పంపండి. కేకు పంపితే గుడ్డు ఉందో లేదో ముందే చెప్పండి. కార్తీక మాసంలో మాంసం మానేసే ఇళ్లున్నాయని గుర్తుంచుకుని విందు పెట్టుకోండి.

మొదటిసారి కూర్చున్నప్పుడు

ఆరేడుగురు చాలు. చర్చి వద్దు, గుడి వద్దు. ఒకరి వరండా, సెలవు రోజున బడి గది, ఏదైనా సరే. ఎన్నికల వేళ, పెద్ద పండుగల వేళ పెట్టుకోకండి. ఫోన్లు పక్కన పెట్టమని, రికార్డు చేయవద్దని ముందే చెప్పండి. ఒకరు చెప్పిన మాట మరుసటి రోజు వాట్సాప్‌లో తిరిగితే రెండో సమావేశం ఉండదు.

స్టాన్లీ జోన్స్ అనే మెథడిస్టు మిషనరీ 1920లలో మన దేశంలో వేర్వేరు మతాల వారిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టేవాడు. వాదన వద్దు, ఉపన్యాసం వద్దు, మీ విశ్వాసం మీ జీవితంలో మీకు ఏమి చేసిందో అదే చెప్పండి అనేవాడు. ఇప్పటికీ ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ‘చిన్నప్పుడు మీకు దేవుడి గురించి చెప్పింది ఎవరు?’, ‘ఇంట్లో కష్టం వస్తే ఎవరికి ఎలా మొరపెట్టుకుంటారు?’ లాంటి ప్రశ్నలతో మొదలుపెట్టండి. త్రిత్వం, కర్మ సిద్ధాంతం ఎక్కడికీ పోవు, తర్వాత చూసుకోవచ్చు.

ఒకావిడ కార్తీక సోమవారం ఉపవాసం గురించి చెప్పిందనుకోండి. ‘దానివల్ల ఏమి వస్తుంది?’ అని అడిగితే ఆవిడ తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడుతుంది. ‘ఆ రోజు మీకు ఎలా గడుస్తుంది?’ అని అడిగితే తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం దీపం, నక్షత్రం కనబడే దాకా వేచి ఉండటం అన్నీ చెబుతుంది. విన్నాక, మీకు అర్థమైంది మీ మాటల్లో తిరిగి చెప్పండి. ‘అవును, నేను చెప్పింది అదే’ అని ఆవిడ అనేదాకా మీ వంతు రాదు. మీ ఉపవాస ప్రార్థన గురించి చెప్పినప్పుడు ఆవిడా అదే చేయాలి.

మరో నియమం: మన మతంలోని మంచిని వారి మతంలోని చెడుతో పోల్చవద్దు. క్రీస్తు ప్రేమను హిందువుల కుల వివక్షతో పోల్చేవారు, కులాన్ని బట్టి విడిపోయిన చర్చిలను, కులం చూసి కుదిర్చే క్రైస్తవ పెళ్లిళ్లను కూడా ఒప్పుకోవాలి.

మాటలు కరువైతే పాటలు పెట్టుకోండి. మన పాత తెలుగు క్రైస్తవ కీర్తనలు రాగతాళాలతో కట్టినవే, హార్మోనియం, తబలా ఉంటే చాలు.

కష్టమైన ప్రశ్నలు వచ్చినప్పుడు

తప్పకుండా వస్తాయి. ‘మీరు డబ్బు ఆశ చూపి మారుస్తారట కదా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉలిక్కిపడకండి. అలా జరిగిన చోటు మీకు తెలిస్తే అది తప్పని చెప్పండి. మీ కుటుంబం ఎందుకు క్రైస్తవులైందో మీకు తెలిసిన మేరకు చెప్పండి. చాలా కుటుంబాలకు ఆ కథ బడికి, ఆసుపత్రికి, చివరికి ఒక మనిషిగా గుర్తింపు పొందడానికి ముడిపడి ఉంటుంది. అది చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

2008లో ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో జరిగింది కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆ ఆగస్టులో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతిని, ఆయనతో ఉన్నవారిని చంపారు. ఆ తర్వాత క్రైస్తవుల ఇళ్లు, చర్చిలు తగలబడ్డాయి, పదుల మంది చనిపోయారు, వేలమంది శిబిరాల పాలయ్యారు. ఇందులో ఒక వాక్యం చెప్పి రెండోది మింగకండి. రెండూ చెప్పండి, కాసేపు ఊరుకోండి. వారిలో ఎవరికైనా అక్కడ బంధువులుంటే వారినే మాట్లాడనివ్వండి.

కలిసి ప్రార్థించాలా అన్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పవద్దు. పోప్ రెండో జాన్ పాల్ 1986 అక్టోబరు 27న అస్సీసీలో అన్ని మతాల పెద్దలను శాంతి కోసం పిలిచినప్పుడు అందరినీ ఒకే ప్రార్థన చేయమనలేదు. ఎవరి ప్రార్థన వారు చేశారు, మిగతావారు గౌరవంగా నిలబడ్డారు. మనకూ అది చాలు. ఇష్టం లేనివారిని లేచి నిలబడమని కూడా అడగవద్దు.

చావు ఇంటికి వెళ్లినప్పుడు ఈ చర్చలేవీ వద్దు. వెళ్లి కూర్చోండి. మీ ఇంటి చావుకు వచ్చి వెళ్లిన హిందూ పొరుగువారు ఇంటికి పోగానే స్నానం చేస్తే దాన్ని తప్పుగా తీసుకోకండి, తమ ఇంటి చావైనా వారు అంతే చేస్తారు.

పుకారు పుట్టిన రోజు

ఇంత చేసినా ఒక సాయంత్రం ఫోనులో ఒక వీడియో వస్తుంది. ఎక్కడో విగ్రహం పగిలిందనో, ఎక్కడో చర్చి మీద రాళ్లు పడ్డాయనో ఉంటుంది. ఆ రోజు కోసం ముందే ఏర్పాటు చేసుకోండి. మీ బృందంలో ప్రతి మతం నుంచి ఇద్దరి ఫోను నంబర్లు అందరి దగ్గరా ఉండాలి. వీడియో ఎవరికీ పంపకముందే అవతలివారికి ఫోను చేయాలన్నది అందరూ ఒప్పుకున్న నియమంగా పెట్టుకోండి. ‘అన్నయ్యా, ఇలాంటిది ఒకటి వచ్చింది, మీరు విన్నారా?’ అని అడిగితే సగం పుకార్లు అక్కడే ఆగిపోతాయి. నిజమని తేలితే పోలీసులకు ఇద్దరూ కలిసి చెప్పండి, ఫిర్యాదు మీద రెండు మతాల వారి సంతకాలు ఉండాలి. కుర్రవాళ్లను ఇళ్లలో ఉంచే పని ఎవరి వీధిలో వారిదే, అది ఎవరు చూసుకుంటారో పేర్లతో సహా ముందే రాసి పెట్టుకోండి. ఆ కాగితాన్ని ఏటా క్రిస్మస్ ముందు, రథయాత్ర ముందు తీసి చూడండి. ఊరు వదిలి వెళ్లినవారి నంబర్లు కొట్టేసి కొత్తవారివి చేర్చండి.